జెర్రీమాండరింగ్: ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

ప్రశ్న (భీమవరం నుంచి ఒక ఉపాధ్యాయురాలు): నియోజకవర్గాల పునర్విభజన గురించి వస్తున్న వ్యాసాల్లో ‘జెర్రీమాండరింగ్’ అనే మాట తరచుగా కనిపిస్తోంది. దక్షిణాది రాష్ట్రాలకు లోక్‌సభ స్థానాల వాటా తగ్గుతుందన్న ఆందోళనకు ఒకరు ఆ మాట వాడారు. పురపాలక వార్డుల విభజనకు మరొకరు వాడారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 2025లో నియోజకవర్గాల హద్దులు మార్చిన వివాదం గురించి రాసినవారూ అదే వాడారు. ఈ మూడూ ఒకటేనా? ఈ మాట ఎక్కడ పుట్టింది?

జవాబు: మూడూ ఒకటి కావు. తమకు లాభం కలగాలన్న ఉద్దేశంతో నియోజకవర్గాల హద్దులు గీయడాన్ని జెర్రీమాండరింగ్ అంటారు. టెక్సాస్ వివాదానికి ఈ మాట సరిగ్గా సరిపోతుంది. వార్డుల విభజనకు సందర్భాన్ని బట్టి సరిపోవచ్చు. రాష్ట్రాల మధ్య లోక్‌సభ స్థానాల పంపకానికి మాత్రం ఇది తగిన మాట కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఈ మాట పుట్టిన సందర్భాన్ని కొంచెం వివరంగా చూడాలి.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి 1810 నుంచి 1812 వరకు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ గవర్నరుగా ఉన్నారు. ఆయన సామాన్యుడు కాదు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన నాయకుల్లో ఒకరు. 1787లో రాజ్యాంగ రచనా సభలో చివరిదాకా కూర్చుని కూడా, పౌరుల హక్కుల పట్టిక లేదన్నది ఒక కారణంగా చూపుతూ ఆ రాజ్యాంగం మీద సంతకం చేయడానికి నిరాకరించిన ముగ్గురిలోనూ ఒకరు. ఆయన పార్టీ పేరు డెమొక్రటిక్ రిపబ్లికన్ పార్టీ, ప్రత్యర్థులు ఫెడరలిస్టులు. 1812 ఫిబ్రవరిలో, రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాల హద్దులను తమ పార్టీకి అనుకూలంగా మార్చిన చట్టం మీద గెర్రీ సంతకం చేశారు. ఆ చట్టం ఆయనకు అంతగా నచ్చలేదని ఆయన జీవితచరిత్ర రాసినవారు అన్నారు. నచ్చినా నచ్చకపోయినా సంతకం ఆయనదే కాబట్టి పేరూ ఆయనకే అంటుకుంది.

ఆ చట్టం ప్రకారం ఎసెక్స్ కౌంటీలో ఏర్పడిన ఒక నియోజకవర్గం, ఊళ్లను ఒకదాని వెంట ఒకటి చుట్టుకుంటూ వంకర తిరిగిన సన్నని పట్టీలా తయారైంది. మార్చి 26న ‘బోస్టన్ గెజెట్’ పత్రిక ఆ పటానికి తల, రెక్కలు, గోళ్లు తగిలించి ఒక వింత జంతువు బొమ్మగా అచ్చువేసింది. తడి నేలల్లో తిరిగే, బల్లిలా కనిపించే సాలమాండర్ అనే ఉభయచరం పేరులోని చివరి భాగాన్ని గవర్నరు ఇంటిపేరుకు కలిపి ‘గెర్రీమాండర్’ అని దానికి పేరు పెట్టింది. ఆయన ఇంటిపేరును ‘గెర్రీ’ అనే పలకాలి. మాట జనంలోకి వెళ్లాక తొలి అక్షరం ‘జ’గా మారింది కాబట్టి ఇప్పుడు జెర్రీమాండరింగ్ అన్నదే వాడుక. ఆంగ్లంలో ఇది నామవాచకంగానూ క్రియగానూ చెల్లుతుంది. మన పత్రికలు ‘జెర్రీమాండరింగ్ చేశారు’ అని రాయడంలోనూ తప్పు లేదు.

ఆ ఏడాది జరిగిన ఎన్నికలను చూస్తే ఈ పద్ధతి సత్తా ఏమిటో తెలుస్తుంది. గవర్నరు పదవికి జరిగిన పోటీలో గెర్రీ ఓడిపోయారు, రాష్ట్ర ప్రతినిధుల సభ కూడా ఫెడరలిస్టుల చేతికి వెళ్లింది. సెనేట్‌కు ఫెడరలిస్టులకు సుమారు 51,700 ఓట్లు, గెర్రీ పార్టీకి సుమారు 50,100 ఓట్లు పడ్డాయి. అయినా తక్కువ ఓట్లు వచ్చిన గెర్రీ పార్టీకి 29 స్థానాలు, ఎక్కువ ఓట్లు వచ్చిన ఫెడరలిస్టులకు 11 స్థానాలు దక్కాయి. గవర్నరు ఎన్నిక రాష్ట్రం మొత్తానికీ ఒకటే కాబట్టి అక్కడ హద్దుల మార్పు పనిచేయలేదు, నియోజకవర్గాలుగా విడిపోయిన సెనేట్‌లో పనిచేసింది. గెర్రీ మరుసటి ఏడాది అమెరికా ఉపాధ్యక్షుడై, 1814లో పదవిలో ఉండగానే మరణించారు. ఇంత సుదీర్ఘమైన ప్రజాజీవితం గడిపిన మనిషిని లోకం ఈ ఒక్క సంతకంతోనే గుర్తుపెట్టుకోవడం కొంత అన్యాయమేనని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు నిర్వచనానికి వద్దాం. ఒక పార్టీకి, ఒక వర్గానికి లేదా పదవిలో ఉన్నవారికి లాభం కలగాలన్న ఉద్దేశంతో, ఓటర్ల సంఖ్య నియోజకవర్గాల మధ్య సమానంగానే ఉన్నా, ఎవరు ఏ గీతకు ఇవతల ఉండాలో ఎవరు అవతల ఉండాలో ఎంచి హద్దులు గీయడమే జెర్రీమాండరింగ్. ఇందులో ‘ఉద్దేశం’ అన్న అంశాన్ని వదిలేస్తే మాటకు పదును పోతుంది. హద్దులు మారిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి లాభం, ఎవరికో ఒకరికి నష్టం జరిగి తీరుతుంది. అంతమాత్రాన ప్రతి మార్పునూ జెర్రీమాండరింగ్ అనడానికి వీల్లేదు.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక చిన్న లెక్కలో చూపవచ్చు. ఒక ప్రాంతంలో 500 మంది ఓటర్లు, 5 స్థానాలు ఉన్నాయనుకోండి. ‘అ’ పార్టీ ఓటర్లు 300 మంది, ‘ఆ’ పార్టీ ఓటర్లు 200 మంది. ప్రతి స్థానంలోనూ 60 మంది ‘అ’ వారు, 40 మంది ‘ఆ’ వారు ఉండేలా గీస్తే ఐదు స్థానాలూ ‘అ’ పార్టీకే పోతాయి, 40 శాతం మందికి ఒక్క ప్రతినిధి కూడా మిగలడు. ప్రత్యర్థి ఓటర్లను ఇలా ముక్కలు చేసి ఎక్కడా గెలవకుండా చెదరగొట్టడాన్ని ఆంగ్లంలో ‘క్రాకింగ్’ అంటారు. అవే ఓట్లు, అదే ప్రాంతం, ఈసారి గీతలు ‘ఆ’ పార్టీ గీసిందనుకోండి. రెండు స్థానాల్లో 90 మంది చొప్పున ‘అ’ వారిని కుక్కి, 10 మంది చొప్పున తనవారిని వదిలేస్తుంది. మిగిలిన మూడు స్థానాల్లో ‘అ’ వారు 40 మంది చొప్పున, ‘ఆ’ వారు 60 మంది చొప్పున ఉంటారు. ఫలితం: 200 ఓట్లున్న పార్టీకి 3 స్థానాలు, 300 ఓట్లున్న పార్టీకి 2. ఇలా కుక్కడాన్ని ‘ప్యాకింగ్’ అంటారు. రెండు పటాల్లోనూ ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోలేదని, ప్రతి స్థానంలోనూ సరిగ్గా 100 మందే ఉన్నారని గమనించండి. ఒక స్థానానికి ఒకే ప్రతినిధి, ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత అనే పద్ధతి ఉన్నచోట్లే ఈ లెక్క ఇంత బాగా పనిచేస్తుంది. పార్టీలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిని బట్టి స్థానాలు పంచే దేశాల్లో గీతలకు ఇంత బలం ఉండదు.

ఇక దక్షిణాది రాష్ట్రాల విషయం. రాష్ట్రాలకు లోక్‌సభ స్థానాల పంపకం 1971 జనగణన ఆధారంగా స్తంభించింది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ఈ స్తంభనను తెచ్చింది. తర్వాత 84వ సవరణ దాన్ని 2026 తర్వాత జరిగే తొలి జనగణన వరకు పొడిగించింది. జనాభా నియంత్రణలో ముందున్న రాష్ట్రాల వాటా తగ్గవచ్చన్నది ఇక్కడి ఆందోళన. ఇందులో ఎవరూ ఏ ఊరినీ గీతకు అటూ ఇటూ జరపడం లేదు. రాష్ట్రాల సరిహద్దులు ఉన్నచోటే ఉంటాయి, వాటికి ఎన్ని స్థానాలన్నదే వివాదం. స్థానాల పంపకంలో ఓటు విలువ ఎక్కువతక్కువలయ్యే ఈ స్థితిని ఆంగ్లంలో ‘మాల్‌అపోర్షన్‌మెంట్’ అంటారు. బ్రిటన్‌లో 1832 సంస్కరణకు ముందు, దాదాపు నిర్మానుష్యమైన ఓల్డ్ సారమ్ అనే చోటు నుంచి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది ఓటర్లు ఇద్దరు ఎంపీలను పంపేవారు. అది మాల్‌అపోర్షన్‌మెంట్‌కు పాఠ్యపుస్తక ఉదాహరణ. మన వివాదంలో ఏ పక్షాన న్యాయం ఉందన్నది వేరే చర్చ. దాన్ని జెర్రీమాండరింగ్ అంటే మాత్రం ఆరోపణ గురి తప్పుతుంది, ఎదుటివారికి సులభంగా సమాధానం దొరుకుతుంది.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి): మన దేశంలో అసలు జెర్రీమాండరింగ్‌కు అవకాశం ఉందా? ఎవరు గీస్తారు ఈ హద్దులు?

జవాబు: అమెరికాలో చాలా రాష్ట్రాల్లో హద్దులు గీసేది ఆ రాష్ట్ర చట్టసభే, అంటే ఎన్నికల్లో పోటీ చేసేవారే. మన దగ్గర లోక్‌సభ, శాసనసభ నియోజకవర్గాలకు పార్లమెంటు చట్టం ద్వారా డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) కమిషన్ ఏర్పడుతుంది. దేశం మొత్తానికి ఇప్పటివరకు 1952, 1963, 1973, 2002 సంవత్సరాల్లో అలా నాలుగు ఏర్పడ్డాయి. 2002 చట్టం ప్రకారం సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నవారు లేదా పదవీ విరమణ చేసినవారు అధ్యక్షులుగా, ప్రధాన ఎన్నికల కమిషనర్ లేదా ఆయన సూచించిన కమిషనర్, సంబంధిత రాష్ట్ర ఎన్నికల కమిషనర్ సభ్యులుగా ఉంటారు. ఎంపీలు, ఎమ్మెల్యేలు కొందరు సహ సభ్యులుగా కూర్చుంటారు కానీ వారికి ఓటు లేదు. నియోజకవర్గాలు భౌగోళికంగా ఒకేచోట కూడి ఉండాలని, పాలనా విభాగాల హద్దులను, రాకపోకల సౌకర్యాన్ని, ప్రజల వీలును దృష్టిలో పెట్టుకోవాలని చట్టం చెబుతుంది. ముసాయిదాను ప్రచురించి, బహిరంగ సభల్లో అభ్యంతరాలు వినాలి.

జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన 2002 నాటి కమిషన్ ఆదేశాలు 2008లో అమల్లోకి వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009 ఎన్నికలు ఆ హద్దులతోనే జరిగాయి. మొత్తం స్థానాలు 294గానే ఉన్నా, శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి, ఎల్బీనగర్ వంటి కొత్త నియోజకవర్గాలు హైదరాబాదు చుట్టూ ఏర్పడ్డాయి, మరికొన్ని చోట్ల పాత పేర్లు మాయమయ్యాయి. ఎన్నో ఏళ్లుగా గెలుస్తూ వచ్చినవారిలో కొందరు తమ నియోజకవర్గం రిజర్వు కావడంతో వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది. దానికి అసంతృప్తి ఉండవచ్చు. నగర శివార్లలో జనం పెరిగి 2001 జనాభా లెక్కలకు తగినట్టు గీతలు మారడాన్ని మాత్రం జెర్రీమాండరింగ్ అనలేం. పార్టీల చేతిలో కలం లేకపోవడమే మన ఏర్పాటులోని ప్రధానమైన రక్షణ.

అయితే రక్షణ సంపూర్ణం కాదు. రాజ్యాంగం 329వ అధికరణం ప్రకారం, ఒకసారి ప్రచురించిన డీలిమిటేషన్ ఆదేశం చెల్లదంటూ కోర్టుకు వెళ్లే దారి దాదాపు మూసుకుపోయింది. అందువల్ల జాగ్రత్త అంతా ముసాయిదా దశలోనే ఉండాలి. జమ్మూకశ్మీర్‌లో జస్టిస్ రంజనా దేశాయ్ అధ్యక్షతన పనిచేసిన కమిషన్ 2022లో శాసనసభ స్థానాలను 83 నుంచి 90కి పెంచుతూ, కొత్త ఏడింటిలో ఆరు జమ్మూకు, ఒకటి కశ్మీర్‌కు కేటాయించింది. 2011 జనగణనలో కశ్మీర్ లోయ జనాభా 68 లక్షలకు పైగా, జమ్మూ జనాభా 53 లక్షలకు పైగా ఉంది. భూభాగ విస్తీర్ణం, కొండ ప్రాంతాల్లో రాకపోకల కష్టం వంటివి లెక్కలోకి తీసుకున్నామని కమిషన్ వాదన. విమర్శకులు దీన్ని జెర్రీమాండరింగ్ అన్నారు. పీర్ పంజాల్ పర్వతాలకు అవతల ఉన్న రాజౌరీ, పూంచ్ ప్రాంతాలను కశ్మీర్‌లోని అనంతనాగ్‌తో ఒకే లోక్‌సభ స్థానంగా కలపడాన్ని వారు ప్రత్యేకంగా ఎత్తిచూపారు. స్థానాల సంఖ్య గురించిన వాదన మాల్‌అపోర్షన్‌మెంట్ కిందికి వస్తుంది. అనంతనాగ్, రాజౌరీల కలయిక గురించిన వాదన జెర్రీమాండరింగ్ కిందికి వస్తుంది. కమిషన్ ఏర్పాటును సవాలు చేసిన పిటిషన్‌ను 2023లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ప్రశ్న (డాలస్ ప్రాంతంలో స్థిరపడిన ఒక తెలుగు పాఠకుడు): పదేళ్లకోసారి జనగణన తర్వాతే హద్దులు మారతాయని విన్నాను. మా టెక్సాస్‌లో 2025లో మధ్యలోనే మార్చారు. ఇది చట్టబద్ధమేనా?

జవాబు: పదేళ్లకోసారి మార్చి తీరాలన్నది నియమం. మధ్యలో మార్చకూడదన్న నిషేధం అమెరికా రాజ్యాంగంలో లేదు. మీ రాష్ట్రంలోనే 2003లో ఇలా జరిగినప్పుడు, మధ్యలో మార్చినంత మాత్రాన అది చెల్లకుండా పోదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. 2025లో రిపబ్లికన్లు అమెరికా ప్రతినిధుల సభలో తమకు మరో ఐదు స్థానాలు దక్కేలా కొత్త పటం తేవడం, రాష్ట్ర సభలో కోరం లేకుండా చేయడానికి డెమొక్రాట్ సభ్యులు రాష్ట్రం విడిచి వెళ్లడం, చివరికి పటం చట్టం కావడం మీకు తెలిసినవే. దానికి బదులుగా కాలిఫోర్నియాలో డెమొక్రాట్లు తమకు అనుకూలమైన పటాన్ని నవంబరులో ప్రజల ఓటుకు పెట్టి గెలిచారు. స్వతంత్ర పౌర కమిషన్‌కు హద్దుల పని అప్పగించి ఆదర్శంగా నిలిచిన రాష్ట్రం తానే దాన్ని కొంతకాలం పక్కన పెట్టడం ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం. ఎదుటివారు చేశారు కాబట్టి మేమూ చేస్తామన్న వాదనకు ఓటర్ల ఆమోదం కూడా దొరికింది.

కోర్టుల విషయానికి వస్తే, అమెరికా సుప్రీంకోర్టు జాతి ఆధారంగా గీసిన గీతలను ఒక రకంగా, పార్టీ ఆధారంగా గీసిన గీతలను మరో రకంగా చూస్తుంది. అలబామా రాష్ట్రంలోని టస్కీగీ పట్టణపు హద్దు మొదట చతురస్రంగా ఉండేది. 1957లో దాన్ని 28 భుజాలున్న వింత ఆకారంగా మార్చి, దాదాపు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురిని తప్ప అందరినీ పట్టణం బయటికి నెట్టారు. తెల్లజాతి ఓటరు ఒక్కరు కూడా బయటికి పోలేదు. 1960లో కోర్టు దీన్ని రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1901 నుంచి స్థానాలను సవరించని టెన్నెసీ రాష్ట్రపు కేసులో, ఇలాంటి ఫిర్యాదులు కోర్టులు వినవచ్చని చెప్పింది. 1964లో నియోజకవర్గాల జనాభా సమానంగా ఉండాలన్న సూత్రాన్ని స్థిరపరిచింది. పార్టీ లాభం కోసం చేసే జెర్రీమాండరింగ్‌ను కొలవడానికి తగిన న్యాయ ప్రమాణం లేదని, ఫెడరల్ (కేంద్ర స్థాయి) కోర్టులు అందులో తీర్పు చెప్పలేవని 2019లో 5–4 మెజారిటీతో తేల్చేసింది. ఆ తీర్పు తర్వాత పోరాటమంతా రాష్ట్ర కోర్టులకు, రాష్ట్ర రాజ్యాంగాలకు మళ్లింది. అంతకు ఏడాది ముందే పెన్సిల్వేనియా రాష్ట్ర సుప్రీంకోర్టు తమ రాజ్యాంగం ఆధారంగా ఒక పటాన్ని కొట్టివేసింది.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు): పటం మీద నియోజకవర్గం ఆకారం వంకర టింకరగా ఉంటే జెర్రీమాండరింగ్ అనుకోవచ్చా?

జవాబు: అనుమానించవచ్చు, నిర్ధారించకూడదు. ఇల్లినాయ్‌లో నాలుగో కాంగ్రెస్ నియోజకవర్గం చాలా ఏళ్ల పాటు చెవులు కప్పుకునే సాధనం ఆకారంలో ఉండేది. షికాగో నగరంలో దూరదూరంగా ఉన్న రెండు లాటిన్ అమెరికన్ పేటలు ఒక ప్రతినిధిని ఎన్నుకోగలగాలన్న ఉద్దేశంతో వాటిని సన్నని పట్టీతో కలిపారు. అక్కడ వింత ఆకారం ఒక మైనారిటీకి గొంతు ఇచ్చింది. నార్త్ కరోలినాలో దాదాపు 160 మైళ్ల పొడవున ఒక రహదారి వెంట పాకిన పన్నెండో నియోజకవర్గాన్నీ నల్లజాతి ఓటర్లకు ప్రాతినిధ్యం దక్కాలన్న ఉద్దేశంతోనే గీశారు, కానీ దాని మీద కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది, జాతి ఒక్కటే ఆధారంగా గీసిన గీతలను కఠినంగా పరీక్షించాలని 1993లో కోర్టు చెప్పింది.

దీనికి విరుద్ధమైన సంగతి ఇంకా ముఖ్యం. ఇవాళ వీధి వీధి ఓటింగ్ సరళిని కంప్యూటరులో పెట్టుకుని, చక్కటి ఆకారంలోనే పక్షపాతపు హద్దులు గీయడం కష్టమేమీ కాదు. అందుకే నిపుణులు ఆకారాన్ని వదిలి, చట్టం చెప్పిన నియమాలకు లోబడిన వేల పటాలను యంత్రంతో గీయించి, అమల్లో ఉన్న పటం ఆ గుంపులో ఎంత విడిగా నిలిచిందో చూస్తున్నారు. ఎందుకంటే గీతల్లో ఏ కుట్రా లేకపోయినా అసమానత రావచ్చు. 2012లో అమెరికా ప్రతినిధుల సభకు డెమొక్రాట్లకు దేశవ్యాప్తంగా పది లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు పడినా, రిపబ్లికన్లకు 234, డెమొక్రాట్లకు 201 స్థానాలు వచ్చాయి. అందులో కొంత జెర్రీమాండరింగ్ ఫలితం. కొంత మాత్రం డెమొక్రాట్ ఓటర్లు నగరాల్లో గుంపుగా ఉండటం వల్ల వాళ్లంతట వాళ్లే ‘ప్యాక్’ అయిపోయిన ఫలితం.

గీతలు గీసినవారి లెక్క తలకిందులైన సందర్భమూ ఉంది. ఐర్లాండులో జేమ్స్ టల్లీ అనే మంత్రి 1974లో తమ సంకీర్ణానికి లాభించేలా హద్దులు మార్చారు. 1977లో ఓట్లు ఊహించినదానికన్నా ఎక్కువగా ప్రత్యర్థి పార్టీ వైపు మొగ్గడంతో, అవే హద్దులు ఆ పార్టీకి 148లో 84 స్థానాలు దక్కడానికి తోడ్పడ్డాయి. దానికి ‘టల్లీమాండర్’ అని పేరొచ్చింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వాధినేత (ప్రీమియర్) జో బ్యెల్కీ-పీటర్సన్ పేరు మీద ‘బ్యెల్కీమాండర్’ అనే మాట పుట్టింది. అక్కడ గ్రామీణ ఓటుకు ఎక్కువ విలువ ఇవ్వడమే అసలు సమస్య కాబట్టి, నా లెక్కన అది మాల్‌అపోర్షన్‌మెంట్‌కు తప్పుగా తగిలించిన పేరు.

ప్రశ్న (భీమవరం పాఠకురాలి అదే ఉత్తరంలోని చివరి మాట): మా వార్డుల విభజన విషయంలో ఈ మాట వాడవచ్చా?

జవాబు: మన దేశంలో ఈ మాటకు అన్నింటికన్నా ఎక్కువ చోటున్నది స్థానిక సంస్థల్లోనే. అక్కడ వార్డుల విభజన డీలిమిటేషన్ కమిషన్ చేతిలో ఉండదు, రాష్ట్ర ప్రభుత్వ అధికారులు చేస్తారు, ఏ వార్డు ఎవరికి రిజర్వు అవుతుందన్నది కూడా దానితో ముడిపడి ఉంటుంది. ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులోగా పాత పటం, కొత్త పటం పక్కపక్కన పెట్టి చూడండి. జనాభా సమానం చేయడానికి అవసరం లేకపోయినా ఒక పేటను రెండుగా చీల్చారా, రోడ్డు, కాలువ వంటి సహజమైన హద్దును కాదని మధ్యలో ఇంటి వరుసల గుండా గీత పోయిందా, అలా చీలినవారంతా ఒకే సామాజిక వర్గం వారా అన్నవి పరిశీలించదగినవి. అభ్యంతర పత్రంలో జెర్రీమాండరింగ్ అన్న మాట రాయనక్కరలేదు. ఏ వీధి ఏ వార్డు నుంచి ఏ వార్డుకు మారింది, మారక ముందు, మారాక ఆ వార్డుల జనాభా ఎంత, చీల్చకుండా అదే సమానత సాధించే గీత ఏది అన్న మూడూ రాసి ఇస్తే అధికారులు జవాబు చెప్పవలసి వస్తుంది. వాటికి సరైన జవాబు రాకపోతే, అప్పుడు పత్రికకు రాసే ఉత్తరంలో ఆ మాట నిస్సంకోచంగా వాడవచ్చు.